మంగతాయారు గారి రెండో కిడ్నీ

దీపం 2204

మా ఆవిడకి కిడ్నీలు రెండు. ఒకటి ఆవిడ దగ్గరే ఉంది. రెండోది నాలుగు వీధుల పొడవుంటుంది. దాన్ని రోజూ నేనే ఊడుస్తాను.

ఆ రెండోది ఉన్న చోటుని ఊళ్ళో హాలు అంటారు. ఈ డైరీలో హాలు సంగతులు తప్ప ఇంటి సంగతులు రాయకూడదని నిబంధన ఉంది. అది పెట్టినవాళ్ళకి ఇల్లు వేరు, హాలు వేరు. నాకా సౌకర్యం లేదు.

ఊరి దీపం వెలగగానే, అంటే మాకు తెల్లారగానే, వెళ్ళి కప్పుకి పట్టిన మంచు గీకాను. మా ఊరు మంచులంక మొత్తం మంచు కిందే ఉంది కాబట్టి ఇది తెమిలే పని కాదు. ఈ చివర గీకి ఆ చివరికి వెళ్ళేసరికి ఈ చివర మళ్ళీ పట్టేస్తుంది. తరవాత గొట్టాల వెంట నడిచాను. ఊళ్ళో ఇంటింటి నీళ్ళూ, వంటవీ, స్నానాలవీ, చెప్పుకోలేనివీ, ముందు జల్లెడలోకీ ఆపైన ఈ గొట్టాల్లోకీ వస్తాయి. గొట్టాల లోపలి గోడలన్నీ మా ఆవిడ కణాలు. జల్లెడలోంచి జారిన ప్రోటీనుని అవి పట్టుకుని, మింగి, అరిగించి, ముక్కలు చేసి తిరుగు తొట్టిలోకి పంపుతాయి. అక్కణ్ణుంచి అది పంటకి ఎరువవుతుంది, పంట మళ్ళీ మా కంచంలోకి వస్తుంది. గోడలు వదిలేసింది మాత్రం కాలవలో పడి మంచు అడుగు సముద్రంలోకి పోతుంది. అక్కడికి పోయింది ఇంక మనది కాదు.

ఇవాళ ఆ కాలవలో నురగ కనిపించింది. గోరంత మందం. నురగ ఉందంటే ప్రోటీను పోతోందని అర్థం. కంచంలో మెతుకు వదలని మనిషి తాలూకు కణాలు ఏదో వదిలేశాయంటే నేను నమ్మలేదు. వేలు పెట్టి చూశాను. నురగే.

ఇంటికి రాగానే మంగతాయారు రోజూ అడిగే మాటే అడిగింది. "ఏవండీ, నాది బాగుందా?"

బాగుందన్నాను.

దీపం 2206

నురగ వేలెడు మందం అయింది. బుల్లబ్బాయి గారికి చెప్పాను. ఆయన ఊరి పెద్ద. కూతురి పెళ్ళి దగ్గర పడింది, పక్క ఊరి అల్లుడు, కాబట్టి ఆయన చెవులు ప్రస్తుతం వంటల మీద ఉన్నాయి.

"నీరసం బావా" అన్నాడు వెంటనే. "మడిసన్నాక నీరసం రాదేంటి? మన ఆడపడుచు కదా. కాస్త బలమైంది పెట్టి చూద్దాం."

"అది మనిషి కాదండి. గొట్టం."

"అదే బావా నీతో వచ్చిన చిక్కు. మా చెల్లెమ్మని పట్టుకుని గొట్టం అంటావా?"

ఈ బావ సంగతి రాయాలి. హాలు కట్టినప్పుడు ఊళ్ళో పన్నెండు మంది కణాలు ఇచ్చారు. పదకొండు మందివి గొట్టానికి అతుక్కోకుండా జారిపోయాయి. మంగతాయారువి మాత్రమే అతుక్కున్నాయి. చిన్న ముక్క చాలన్నారు, తీరా లోపలికెళ్ళాక మొత్తం కిడ్నీ తీశారు. ఆవిడ ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి ఆవిడ ఊరందరికీ ఆడపడుచు, నేను ఊరందరికీ బావగారిని. నాకంటే ముసలివాళ్ళు కూడా బావా అనే పిలుస్తారు. గౌరవం అనుకునేవాణ్ణి. వేళాకోళం ఆడటానికి లైసెన్సు అని తరవాత తెలిసింది.

ఆడపడుచు అన్నాక సారె పెట్టాలి. అందుకని ప్రతి ఇంట్లోనూ తినబోయే ముందు మొదటి ముద్ద వంటింటి తూములో వేస్తారు. సారె ముద్ద అంటారు. ఎవరూ ఆజ్ఞ వెయ్యలేదు, ఎవరూ మానలేదు. మా పెద్దలు భూమ్మీద గోదావరి పక్క నుంచి వచ్చారట. నది రాలేదు. మర్యాద వచ్చింది. ఇక్కడ వడ్డించేవాడు తనంతట తను ఆపడు. తినేవాడు చాలనడు. చాలంటే వంట బాగోలేదని అర్థం, ఆ ఇంటితో మాటలు పోతాయి.

దీపం 2209

బలమైనవి రావడం మొదలైంది. గుడ్ల సొన, తొట్టి చేపల పులుసు, పాలవిరుగుడు, నీళ్ళలో చిదిపిన సున్నుండలు. ఎదురింటివాళ్ళు ఒక గిన్నె వేశారని తెలిస్తే పక్కింటివాళ్ళు రెండు వేస్తున్నారు. జల్లెడ దగ్గర కుంకుమపువ్వు వాసన వచ్చింది. మంచులంకలో కుంకుమపువ్వు ఎవరి దగ్గర ఉందో నాకు తెలుసు, ఎందుకు దాచుకుందో కూడా తెలుసు. కూతురి పురిటికి.

నేనూ ఒక గ్లాసు పాలు పోశాను. ఈ ఊళ్ళో పుట్టినవాణ్ణే కదా.

నురగ జానెడయింది.

దీపం 2213

డాక్టర్ సత్యవేణిని పిలిపించాను. ఊరికి ఒక్కతే డాక్టరు. ఎవరింటికి పిలిచినా భోజనం చేసే వచ్చానంటుంది. అందుకని ఆమెకి మంచి పేరు లేదు.

ఆమె గోడ నుంచి చిన్న పొర గీకి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. నన్ను చూడమంది.

"కణం గుమ్మంలో చేతుల్లాంటివి కనిపిస్తున్నాయా?"

"కొన్నే ఉన్నాయండి."

"గుమ్మం నిండా ఉండాలి. వచ్చిన ప్రోటీనునల్లా అవి పట్టుకుంటాయి. లోపలికి లాక్కెళ్ళి వదిలేస్తాయి. అది పులుపు సంచిలో పడుతుంది, సంచి దాన్ని అరిగిస్తుంది. చేతులు ఖాళీ చేసుకుని మళ్ళీ గుమ్మంలోకి వస్తాయి. ఒంట్లో బాగుంటే ఇదంతా మీరు కాఫీ తాగేలోపు అయిపోతుంది."

"మరి మిగతా చేతులేవి?"

"లోపల ఇరుక్కుపోయాయి. సంచులు చూడండి."

చూశాను. పెళ్ళి మర్నాడు వంటసాల ఎలా ఉంటుందో అలా ఉంది. కడగని గుండిగలు గుమ్మం దాకా పేర్చినట్టు సంచి మీద సంచి. దేంట్లోనూ సరుకు అరగలేదు. కొన్ని కణాలు ఉబ్బి పగిలిపోయాయి.

"అంటే నీరసం కాదన్నమాట."

"అజీర్ణం."

"కడుపు నిండాక ఆపెయ్యొచ్చు కదండీ."

"ఆపడం వాటికి తెలీదు, అమ్మిరాజు గారూ. గుమ్మంలోకి వచ్చినదాన్ని వద్దనే ఏర్పాటు వాటిలో లేదు."

ఆమె కణాల గురించే చెప్పింది. నాకు మాత్రం ముప్పై ఏళ్ళుగా ఎదురుగా కూర్చుని తింటున్న మనిషి గుర్తొచ్చింది.

గోడలు సగం పోతే హాలు నిలవదంది. అప్పుడు మళ్ళీ విత్తనం, అంటే కొత్త కణాలు, కావాలి. ఎవరి దగ్గర్నుంచి అని అడిగాను. ఆమె సూక్ష్మదర్శినిలోకి చూసింది. పొర అప్పటికే తీసేసింది, అందులో చూడటానికేమీ లేదు.

"చిన్న ముక్క చాలదా?" అన్నాను.

"పోయినసారి కూడా ముక్కే అనుకున్నారు."

"రెండోదీ తీస్తే ఆవిడ ఎలా బతుకుతుంది?"

"కొత్త హాలు పెరగడానికి ఏడాది పడుతుంది. రక్తం కడిగే యంత్రం మన దగ్గర లేదు." సూక్ష్మదర్శిని పక్కకి జరిపి, "బతకదు" అంది. అప్పుడు ఆమె మీద కోపం రాలేదు. ఈ ఊళ్ళో ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి ఒక్కరైనా ఉన్నారనిపించింది.

దీపం 2214

సగం దాచి సగం చెబుదామని మొదలుపెట్టాను. మంగతాయారు బుల్లబ్బాయి గారింటి పెళ్ళికి అప్పడాలు ఒత్తుతోంది.

"తీసేసుకోమనండి" అంది, నేను వాక్యం పూర్తి చెయ్యకముందే.

"ఏం తీసుకోమంటున్నావో తెలుసా?"

"కిడ్నీయే కదండీ. ఊరు బతకాలి కదా మరి."

"మరి నువ్వు?"

"నాదేవుందండి" అని ఇంకో ఉండ తీసుకుంది.

నాకు కోపం వచ్చింది. భయం వేసిందని రాస్తేనే నిజం. రెండూ ఉన్నాయి, కోపం ముందు బయటపడింది. అప్పడాలు మందంగా ఉన్నాయన్నాను. ఉండవలసిన మందంలోనే ఉన్నాయి.

దీపం 2215

డాక్టరు ఒక ఉపాయం చెప్పింది. గొట్టాల్లోకి లైసిన్ వదలాలి. లైసిన్ అంటే అరిగిపోయిన ప్రోటీనులో ఒక ముక్కే, తిరుగు తొట్టిలో బోలెడుంది. గుమ్మంలో చేతులు దాన్ని పట్టుకుని కూర్చుంటే అసలు ప్రోటీను పట్టుకోవడానికి ఖాళీ ఉండదు. భూమ్మీద బస్సులని ఉండేవట. కిటికీలోంచి తువ్వాలు వేస్తే ఆ సీటు మనదట, ఎంత లావు మనిషి వచ్చినా కూర్చోకూడదట. మా తాత చెప్పేవాడు. ఇది ఆ తువ్వాలు లాంటిది. ఈలోగా కణాలు లోపలి సరుకు అరిగించుకుని తేరుకుంటాయి, చచ్చినవాటి చోట పక్కవి పెరుగుతాయి.

ఇబ్బంది రెండు రకాలు. పట్టుకోని ప్రోటీనంతా కాలవలోకే పోతుంది కాబట్టి నురగ తగ్గదు, పెరుగుతుంది. చూసి ఓర్చుకోవాలి. ప్రోటీను వీపు మీద ఎక్కి వచ్చే విటమిన్లు కూడా దాంతోపాటే పోతాయి కాబట్టి పిల్లల్ని ఎముకలు గట్టిపడటానికి పెట్టే దీపం కింద ఇంకాసేపు కూర్చోబెట్టాలి. ఇక రెండో సంగతి, సారె ముద్దలు పూర్తిగా ఆగాలి. సరుకు వరదలా వస్తుంటే తువ్వాళ్ళు నిలవవు.

మొదటిది డాక్టరు పని. రెండోది బావగారి పని అని తేల్చారు.

దీపం 2217

డాక్టరు గొట్టాల్లోకి లైసిన్ వదిలింది. బుల్లబ్బాయి గారు కూడలిలో చాటించారు. "ఎవరూ ముద్ద వెయ్యకండి. చెల్లెమ్మకి ఒంట్లో బాగోలేదు. లంఖణం."

"ఆయ్, అలాగేనండి" అన్నారు అందరూ. ఒక్కరు కూడా ఎదురు చెప్పలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

దీపం 2221

నురగ మోకాలు దాటింది. కాలవ గట్టు మీద జనం నిలబడి చూస్తున్నారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంటోంది.

జల్లెడలో పూతరేకు ముక్కలు దొరికాయి, బాదం పప్పు దొరికింది. ఊరంతా మానేసింది కదా, మనమొక్కళ్ళం వేస్తే ఏమవుద్దిలే అని ప్రతి ఇంటివాళ్ళూ అనుకున్నారు. పైగా నురగ చూసి, ఆకలితో అలా అయిపోతోందని ముద్ద పెద్దది చేశారు. ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. ప్రతి ఇంట్లోనూ నన్ను కూర్చోబెట్టి తినడానికి పెట్టారు. తిన్నాను. చాలనలేదు. ఊళ్ళోవాళ్ళని ఏ మొహం పెట్టుకుని తిట్టను?

డాక్టరు పొర చూసి, "సగానికి దగ్గరపడింది" అంది.

దీపం 2226

పెద్దలు కూర్చున్నారు. పెళ్ళయిన మర్నాడు ఆపరేషన్ అని నిర్ణయించారు. పెళ్ళికి ముందు అశుభం వద్దన్నారు. మంగతాయారుని అడిగారు. ఆవిడ తలూపింది. బుల్లబ్బాయి గారు ఏడ్చేశాడు, నిజంగానే. ఆవిడకి పట్టుచీర పెట్టాడు. దాన్నీ కాదనలేదు.

ఇంటికొచ్చి చీరలు సర్దడం మొదలుపెట్టింది. ఏది ఎవరికి ఇవ్వాలో నాకు చెబుతోంది.

"ఒక్కసారి వద్దంటే ఏం పోయింది నీకు?" అన్నాను.

"అడిగారు కదండీ."

"అడిగితే ఇచ్చెయ్యడమేనా?"

"విస్తట్లో వడ్డించాక వదిలేసి లేచిపోతామేంటి? నాకు చాతకాదండి. చిన్నప్పట్నుంచీ చాతకాదు." ఆ మాట అంటూ మడత పెట్టిన చీరనే విప్పి మళ్ళీ మడత పెట్టింది. అప్పుడు తెలిసింది, ఆవిడకీ భయంగానే ఉందని. నాకు ఏడుపొచ్చింది. ముప్పై ఏళ్ళలో ఆవిడకి ఏం కావాలో నేనూ ఎప్పుడూ అడగలేదు. కంచంలో వేసేవాణ్ణి, తినేది.

చెప్పులేసుకోమన్నాను. హాలుకి తీసుకెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆవిడ అక్కడ అడుగు పెట్టలేదు, తన సొమ్ము తను చూసుకుంటే బాగోదనేది. డాక్టరు పొర పెట్టి, ఏది గుమ్మమో ఏది సంచో చూపించింది. మంగతాయారు ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

"అరగకపోయినా ఇంకా లాక్కుంటానే ఉందేంటండి?"

"దానికి ఆపడం తెలీదట."

"పాపం. ఎవరూ చాలని చెప్పరేంటి దానికి?"

"అదే మరి" అన్నాను. "దాని తరఫున చెప్పవలసిన మనిషివి నువ్వే."

ఇంటికొచ్చాం. చీరలు సర్దడం మధ్యలోనే ఆపేసింది.

దీపం 2229

పెళ్ళి. హాలు సంగతే కాబట్టి రాస్తున్నాను.

వంటసాల తూము పక్కన గుండిగలు వరసగా పెట్టి మూతలేసి ఉన్నాయి. ప్రతి వంటకంలోంచీ ఒక గుండిగ చెల్లెమ్మకి అని బుల్లబ్బాయి గారు ముందే తీయించారట. లంఖణం సంగతి గుర్తు చేశాను. "రేపు ఎలాగూ తీసేత్తన్నాం కదా బావా, కడసారి కడుపునిండా పెట్టుకోనీ" అన్నాడు. ఆ గుండిగలు తూములో పడితే మిగిలిన గోడలు పోతాయని డాక్టరు నా చెవిలో చెప్పింది. ఆమె ఆ రోజు కూడా భోజనం చేసే వచ్చింది.

మొదటి బంతిలో మొదటి విస్తరి మంగతాయారుది. ఆవిడ లేస్తే కానీ బంతి లేవదు. బంతి లేచాకే గుండిగలు తూములోకి వంచుతారు. పులిహోర, పనసపొట్టు కూర, గారెలు, ఆవడలు, అన్నీ తింటోంది. బుల్లబ్బాయి గారు స్వయంగా బొబ్బట్లు వడ్డిస్తున్నాడు. ఒకటి వేశాడు, ఇంకోటి వేశాడు. పెళ్ళికొడుకు పక్కనుంచి వింతగా చూస్తున్నాడు. వాళ్ళ ఊళ్ళో అడిగి వడ్డిస్తారట.

మరో బొబ్బట్టు కిందికి దిగుతుంటే మంగతాయారు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలండి అన్నయ్యగారూ."

బంతి మొత్తం చేతులాగిపోయాయి. నెయ్యి వడ్డించేవాడు గరిటె ఎత్తి అలాగే నిలబడ్డాడు. నెయ్యి ఎవరి చొక్కా మీదో పడింది, ఆయన తుడుచుకోలేదు కూడా.

బుల్లబ్బాయి గారి మొహం పాలిపోయింది. "ఏవమ్మా, పూర్ణంలో తీపి తక్కువైందా?"

"లేదండి. ఎంతో బాగుంది. చాలు."

"ఒక్కటమ్మా. నా మాట మీద."

"మీ మాట మీద ఇప్పటిదాకా తిన్నానండి." ఆవిడ విస్తరి మీంచి చెయ్యి తియ్యలేదు. "నాకు చాలు. హాల్లో ఉన్నదానికీ చాలు. మీరందరూ ప్రేమగానే పెట్టారు, కాదన్లేదు. అది అరగక చచ్చిపోతంది. నేను చూశాను. దానికి నోరు లేదు కాబట్టి నేను చెబుతున్నాను. ఆ గుండిగలు ఇటు పట్రండి, పిల్లలు తింటారు. ఇవాళ్టి నుంచి ఎవరి తూములోనన్నా మెతుకు పడిందని తెలిస్తే ఇంక ఆ ఇంట్లో నేను మంచినీళ్ళు కూడా ముట్టను."

ఇంతకంటే పెద్ద శిక్ష మా ఊళ్ళో లేదు. ఎవరో ఒకావిడ అప్పుడే కళ్ళొత్తుకుంది.

"రేపు ఆపరేసను..." అన్నాడు బుల్లబ్బాయి గారు, బొబ్బట్టు ఇంకా చేతిలోనే ఉంది.

"ఇవ్వనండి. నాకున్నది ఒక్కటి. అది నాది."

లేచి చెయ్యి కడుక్కుంది. నేను నా విస్తరి వదిలేసి ఆవిడ వెనకాల లేచాను. సగం గారె మిగిలింది. జీవితంలో మొదటిసారి వదిలేశాను, ఏమీ కాలేదు.

దీపం 2233

జల్లెడలో మెతుకు లేదు. వరసగా నాలుగో రోజు. నురగ మాత్రం మోకాలి మీదే ఉంది. తువ్వాళ్ళు పని చేస్తున్నాయంది డాక్టరు. జనం గట్టు దాకా వచ్చి, చూసి, చేతులు కట్టుకుని వెళ్ళిపోతున్నారు. చేతులు కట్టుకోవడం వాళ్ళకి ఎంత కష్టంగా ఉందో తెలుస్తూనే ఉంది.

పంటకి ఎరువు తగ్గింది కాబట్టి అందరూ కూరల్లో పప్పు తగ్గించారు. బుల్లబ్బాయి గారు మాతో మాట్లాడటం లేదు.

దీపం 2251

లైసిన్ ఆపి చూశారు. నురగ వేలెడుకి వచ్చింది. పొరలో సంచులు పలచబడ్డాయి, గుమ్మంలో చేతులు తిరిగొచ్చాయి. హాలు కింది వరసలో కొంత మేర గోడలు పోయాయి, అవి ఇంక రావు. మిగిలినవి ఊరికి సరిపోతాయి, ఊరు కాస్త జాగ్రత్తగా ఉంటే.

డాక్టర్ సత్యవేణి మా ఇంటికొచ్చి, భోజనం ఉందా అని అడిగింది. ఒక కప్పు అన్నం తిని చాలంది. మంగతాయారు గిన్నె పక్కన పెట్టేసింది. ఇద్దరికీ ఏమీ కాలేదు.

దీపం 2260

కాలవ గట్టు దగ్గర బుల్లబ్బాయి గారు కనిపించాడు. నీళ్ళు చూస్తున్నాడు. నురగ లేదు.

"చెల్లెమ్మకి కోపం పోయిందా బావా?"

"కోపం ఎప్పుడూ లేదండి. చాలంది, అంతే."

"అంతేనా?" అన్నాడు. "మరి ఇంటికి రమ్మని పిలవచ్చా?"

"పిలవండి. ముందు అడగండి."

ఇంటికొచ్చాను. "ఏవండీ, నాది బాగుందా?" అంది.

"బాగుంది" అన్నాను. ఈసారి అబద్ధం కాదు.

ఇద్దరం కూర్చున్నాం. ఈ రోజు వడ్డన నాది. ఆవిడ కంచంలో అన్నం పెట్టాను, పప్పు వేశాను. పెరుగు గరిటె ఎత్తి, అలవాటు కొద్దీ వెయ్యబోయి ఆగాను.

"పెరుగు కావాలా?" అన్నాను.

మంగతాయారు నా వైపు చూసింది. ఏదో లెక్క అప్పజెప్పమన్నట్టు ఆలోచనలో పడింది. ఇంతకుముందు ఎవరూ అడగని ప్రశ్న కదా, జవాబు వెతుక్కోవాలి. నేను గరిటె పట్టుకుని ఆగాను. చెయ్యి నొప్పెట్టింది.

"కొంచెం" అంది చివరికి.

కొంచెం అంటే ఎంతో నాకు తెలీదు. అది కూడా అడిగాను. ఆవిడ వేలితో గరిటె మీద గీత పెట్టి చూపించింది. అంతే వేశాను.